వేపమండ కట్టిన గుమ్మం

కష్టమొస్తే గుడికి పోవాలన్నది మన ఇళ్లలో ఎవరూ పనిగట్టుకుని నేర్పకుండానే అబ్బే బుద్ధి. బిడ్డకు జ్వరం తగ్గకపోతే ముడుపు కడతాం, ఆపరేషన్ ముందు మొక్కుకుంటాం, గండం గడిస్తే తలనీలాలు ఇస్తాం. దేవుడి దగ్గరకు చేసే ప్రయాణాల్లో చాలావాటిని ఆపదే చేయిస్తుంది. అలాంటిది 2020లో ఆపద ఊరూరా వచ్చి కూర్చున్న వేళకే గుళ్ల తలుపులు మూసుకున్నాయి. మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆగింది. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఉగాది కూడా ఆ రోజే. ఏటా ఆ పండక్కి కర్ణాటక నుంచి వేలమంది నల్లమల అడవిదారిన నడిచి శ్రీశైలం చేరతారు. ఆ ఏడు పండగనాడు కొండమీద ఆ సందడి లేదు. జూన్ 8న గుళ్లు మళ్లీ తెరుచుకునేదాకా, తెరుచుకున్నాక కూడా, ఒక ప్రశ్న మనుషుల్ని వదల్లేదు. ఆపదలో దేవుడి దగ్గరకు పోకుండా ఆగిపోయినవాడి భక్తిలో లోపమున్నట్టా? నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఈ ప్రశ్న మరీ పదునైనది. మహానంది, నవనందులు, యాగంటి, అహోబిలం, కాస్త దూరాన శ్రీశైలం: ఇక్కడ యాత్ర ఎప్పుడో తీరిక దొరికినప్పటి పని కాదు, ఊళ్ల బతుకులో కలిసిపోయిన నడక. ఆగడం భక్తిలో భాగమేనని, అందుకు ఆధారం ఈ నేల ఆచారాల్లోనే ఉందని నా వాదన. అయితే ఆగడాలన్నీ ఒకటి కావు. తేడా ఎక్కడుందో తేల్చడమే ఇక్కడ అసలు పని.

దేవుడు అంతటా ఉన్నాడు, ఇంట్లోనే దండం పెట్టుకుంటే చాలు అన్న జవాబు ఆ రోజుల్లో ఎక్కువగా వినిపించింది. చెప్పినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ అహోబిలానికి దారితీసే ఊళ్లో నిలబడి ఆ మాట అనడం అంత తేలిక కాదు. అంతటా ఉన్నాడనడానికి మనం చెప్పుకునే పెద్ద సాక్ష్యం స్తంభంలోంచి వచ్చిన నరసింహుడి కథ. ఆ స్తంభం ఇదేనని చూపించే ఉగ్రస్తంభం ఈ కొండల్లోనే ఉంది. అంతటా ఉన్నవాడు ఒకచోట కనబడ్డాడన్న నమ్మకం మీదే క్షేత్రమనేది నిలుస్తుంది. ఎక్కడికీ పోనక్కర్లేదనుకుంటే, తొమ్మిదిమంది నరసింహుల కోసం భవనాశి వెంట రాళ్లమీద కర్ర పట్టుకుని నడిచిన తరతరాల జనమంతా తెలియక నడిచారనాలి. తిరుమంగై ఆళ్వారు ఈ కొండను మామూలు మనుషులు చేరలేని చోటుగా పాడాడు. ఆ దుర్గమత్వాన్ని ఆయన మహిమగానే చెప్పాడు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలికి ఇన్నాళ్లూ పని దొరుకుతున్నదీ దేవుడికి ఒక రూపం, ఆ రూపానికి ఒక చోటు కావాలనుకునే మనుషులు ఉండబట్టే. కాబట్టి పోకపోవడం వల్ల నష్టమేమీ లేదని చెప్పి భక్తుణ్ణి ఊరడించడం నిజాయితీ కాదు. నష్టముంది. ఆ నష్టం ఎంతటిదో ముందు ఒప్పుకోవాలి.

ఆ జూన్‌లో గుళ్లు తెరిచినప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన నిబంధనలు గుర్తు తెచ్చుకుందాం. మనిషికీ మనిషికీ ఆరడుగుల ఎడం. విగ్రహాలను ముట్టుకోకూడదు. తీర్థం ఇవ్వకూడదు, చల్లకూడదు. ప్రసాదం చేతికి పెట్టకూడదు. అరవై అయిదు దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు ఇంట్లోనే ఉంటే మంచిది. వైష్ణవాలయంలో ఈ మాటలకు అర్థమేమిటో చూడండి. దర్శనమైనవాడు తల వంచుతాడు, శఠారి తలమీద ఆనుతుంది. ఆ చల్లటి లోహం స్వామి పాదాలకు గుర్తు, నమ్మాళ్వారుకు మరో పేరైన శఠకోపుడి పేరే దానికి పెట్టారు. అహోబిల మఠం జీయర్లు తరతరాలుగా ధరించే బిరుదులోనూ ఆ పేరే ఉంది. ఒకే శఠారి వరసగా అందరి తలలమీదా ఆనుతుంది. ముందున్నవాడు భూస్వామి, వెనకున్నవాడు కూలి అయినా రెండు తలలకూ అదే పాదం. ఈ సంప్రదాయంలో అంతకంటే పెద్ద సమానత్వం నాకు కనిపించదు. మహమ్మారి సరిగ్గా ఆ సమానత్వాన్నే ప్రమాదంగా మార్చింది. అందరినీ తాకేదే అందరికీ అంటించేదైంది. అరచెయ్యి చాచి తీర్థం కోసం నిలబడే అలవాటున్న మనిషి ఒట్టి చేత్తో బయటికి రావడం చిన్న విషయం కాదు. దాన్ని వెర్రి నమ్మకమని కొట్టిపారేసేవాళ్లకు యాత్రలో ఏముందో తెలియదు.

ఇంత నష్టం ఉన్నప్పుడు ఎందుకు ఆగాలి? బలమైన ఆక్షేపణ ఇక్కడే వస్తుంది, అదీ ఈ స్థలపురాణం నుంచే వస్తుంది. ప్రహ్లాదుడికి విషం పెట్టారు, మంటల్లో వేశారు, పాములతో కరిపించారు, కొండమీంచి తోశారు. ఏమీ కాలేదు. ప్రహ్లాదవరదుడి గుడికి పోయేవాడు ఒక క్రిమికి భయపడటమేమిటి అని అడిగేవాళ్లను తేలిగ్గా తీసుకోకూడదు. వాళ్లు కథను నమ్మి అడుగుతున్నారు. అయితే కథను మళ్లీ చదవాలి. ప్రహ్లాదుడు విషం గిన్నెను వెతుక్కుంటూ పోలేదు. అది అతని చేతికి బలవంతంగా వచ్చింది. వచ్చిన పరీక్షకు తట్టుకోవడం ఒకటి, స్వామి కాపాడతాడో లేదో చూద్దామని పరీక్షను కొనితెచ్చుకోవడం ఇంకొకటి. రెండోది స్వామికి పెట్టే పరీక్ష. ఇంకా ముఖ్యమైనది: ఆ విషం తాగినా, ఆ మంటల్లో పడ్డా, ముప్పు ప్రహ్లాదుడొక్కడికే. అతని పక్కనున్న గురుకులం పిల్లలకు ఎవరికీ ఆ విషం సోకలేదు. అంటువ్యాధి అలాంటిది కాదు. నా ధైర్యానికి మూల్యం నా వెనక వరసలో నిలబడ్డ ముసలావిడ చెల్లిస్తుంది. భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు నరసింహుణ్ణి స్తుతిస్తూ చెప్పిన మాటల సారం కూడా ఇటే నడిపిస్తుంది. మునులు తమ ముక్తి కోసం అడవుల్లో మౌనంగా ఉంటారు, దీనులైన ఈ మనుషులను వదిలేసి నేనొక్కణ్ణే తరించాలని నాకు లేదు అని అతని వేడుకోలు. అహోబిలంలో మనం ఎవరి భక్తిని ఆదర్శంగా చెప్పుకుంటామో అతను తన ముక్తినే ఒంటరిగా ఒప్పుకోలేదు. అతని పేరు చెప్పి, నాకేమీ కాదు కనుక పోతాను అనడం ఎట్లా కుదురుతుంది?

నాకేమీ కాదన్నది నిజమే అనుకుందాం. ఆ నమ్మకం మోసేవాడి ఒళ్లు ఒక్కటే కొండ ఎక్కదు. ఎగువ అహోబిలంలో స్వామి కొలువున్నది గుహలో. చోటు ఇరుకు, గాలి తక్కువ. అర్చకుడు తెల్లారినప్పటి నుంచి అక్కడే నిలబడి వచ్చినవాడికల్లా హారతి ఇస్తాడు. నడవలేనివాళ్లను డోలీ మోసేవాళ్లు భుజాన వేసుకుని జ్వాలా నరసింహుడి వైపు ఎక్కిస్తారు. ఆ ఎక్కుడులో వాళ్ల ఊపిరి, కూర్చున్నవాడి ఊపిరి జానెడు దూరంలో ఉంటాయి. సత్రంలో పక్కపక్కనే పడుకుంటాం, బంతిలో పక్కపక్కనే తింటాం. చుట్టూ ఉన్న గూడేల్లో చెంచులున్నారు, బయటి జబ్బులు ఏ అడవి జనానికైనా బయటివాళ్లే మోసుకొస్తారు. కొండమీద ఎవరికైనా ఊపిరాడకపోతే ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్లు, అక్కడ కాదంటే నంద్యాలకు మరో నలభై, అక్కడా కాదంటే కర్నూలుకు ఇంకో డెబ్బై. వచ్చినవాడు కారెక్కి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతాడు. జబ్బు మాత్రం ఆ దారిలో మిగిలినవాళ్లతో ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని జిల్లాలన్నిటికంటే ఎక్కువ కేసులు అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే తేలాయి. నంద్యాల అప్పుడు ఆ జిల్లాలోదే. కాబట్టి ఇక్కడ యాత్రికుడి ప్రశ్న ధైర్యం గురించి కాదు, ఎవరి ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనకుంది అన్నది. తన ప్రాణాన్ని పెట్టే హక్కు భక్తుడికి ఉందేమో, అది వేరే చర్చ. డోలీ మోసేవాడి ప్రాణాన్ని పెట్టే హక్కు మాత్రం ఏ మొక్కూ ఇవ్వదు.

పూర్వం గత్తరలోనూ జనం యాత్రలు చేయలేదా అని అడగవచ్చు. చేశారు, దాని ఫలితమూ తెలుసు. 1867లో హరిద్వార్ కుంభమేళా నుంచి ఇళ్లకు మళ్లిన జనంతోపాటు కలరా ఉత్తర భారతమంతా నడిచింది. అయినా ఆ కాలపు యాత్రకు మనకు లేని రక్షణ ఒకటుంది: దూరం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, అహోబిలం, శ్రీశైలం చూసుకుని కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. ఆ నడకలో జబ్బుంటే దారిలోనే బయటపడేది. మనిషి మజిలీలోనే పడిపోయేవాడు, తోటివాళ్లు ఆగేవాళ్లు. దారి పొడవే ఒక క్వారంటైన్. ఇప్పుడు బెంగళూరులో రాత్రి బస్సెక్కినవాడు తెల్లారేసరికి ఆళ్లగడ్డలో దిగుతాడు. కరోనా ఒంట్లో చేరాక లక్షణాలు కనబడటానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది; కనబడకముందే ఇతరులకు అంటుతుంది. ఒంట్లో బాగాలేనివాడు యాత్రకు పోకూడదన్న పాత నియమం, బాగాలేదన్న సంగతి మనిషికి ముందే తెలుస్తుందన్న లెక్క మీద నిలబడింది. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. అందుకే ఆరోగ్యంగా ఉన్నాననుకునేవాడు కూడా ఆగవలసి వచ్చింది. మన కాలానికి ఇది కొత్త ధర్మసంకటం. జబ్బు ఉందో లేదో తెలియనివాడు కూడా, ఉన్నట్టే నడుచుకోవాలి.

కొత్తదే గాని, దీనికి మన ఇళ్లలో పాత పోలిక ఉంది. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ మండ చూసి చుట్టాలు గడప దాటేవాళ్లు కారు. ఆ ఇంటివాళ్లు పెళ్లికీ పేరంటానికీ పోయేవాళ్లు కారు, తాళింపు కూడా వేసేవాళ్లు కారు. లోపల మంచంమీద ఉన్నవాణ్ణి పాపిష్టివాడని ఎవరూ అనలేదు. అమ్మవారు ఒంటిమీద ఉందన్నారు, మెత్తటి గుడ్డ పరిచారు, వేపరెమ్మతో నిమిరారు, మూడో నీళ్లు పోసేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. చూడటానికి రాని చుట్టాన్ని ప్రేమ లేనివాడని ఎవరూ తిట్టలేదు, రావడమే తప్పయ్యేది. జబ్బును దేవతగా భావించడం వైద్యానికి సాయం చేయలేదు, టీకాలకు కొన్నిచోట్ల అడ్డం కూడా పడింది. మశూచిని నేలమీద లేకుండా చేసింది టీకాయే, ఆ సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. అందులో అనుమానం లేదు. కానీ వేపమండ ఒక పని చేసింది: మనిషిని అవమానించకుండా దూరం పెట్టడమెట్లాగో నేర్పింది. ఇల్లే స్వయంగా తన గుమ్మానికి తను కట్టుకున్న గుర్తు అది. రావద్దనడంలో కోపం లేదు, రాకపోవడంలో నిష్ఠూరం లేదు. ఈ ప్రాంతపు క్షేత్రాలన్నీ చుట్టరికం మీద నిలబడ్డవే కనుక ఈ పోలిక ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. చెంచులక్ష్మిని చేసుకున్న నరసింహుడు చెంచులకు అల్లుడు. శ్రీశైలం భ్రమరాంబ కన్నడిగులకు ఆడబిడ్డ. పుట్టింటివాళ్లుగానే వాళ్లు ఉగాదికి సారె పట్టుకొస్తారు. ఇంట్లో అమ్మవారు పోసిందని తెలిసీ కూతురింటికి పోయే పుట్టింటివాళ్లు ఉంటారా? పోతే ఆ కూతురు సంతోషిస్తుందా? 2020 ఉగాదికి ఇంట్లో ఉండిపోయిన కన్నడ భక్తుడు చేసింది పుట్టింటివాడు చేయవలసిన పనే.

శాస్త్రం కూడా ఇందుకు అడ్డు చెప్పదు. మైలలో ఉన్నవాడు గుడికి పోడు. తల్లో తండ్రో పోయిన ఇంటివాళ్లు ఏడాదిపాటు కొండ ఎక్కరు. ఆ ఏడాది వాళ్ల భక్తి తగ్గిందని ఎవరూ లెక్క కట్టరు. నీళ్లలో మునగలేని రోగికి ధర్మశాస్త్రాలు మంత్రస్నానం, మానసస్నానం వంటివి చెప్పాయి. స్కాందపురాణంలోని కాశీఖండం తీర్థాల జాబితాలో నదులతోపాటు సత్యాన్ని, ఓర్పును, భూతదయను చేర్చింది. 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా తుంగభద్ర పుష్కరాలు వచ్చినప్పుడు నదిలో మునక వద్దన్నారు, ఘాట్లలో జల్లుస్నానాలు పెట్టారు. పన్నెండేళ్లకోసారి వచ్చేదాన్ని ఇట్లా కుదించారని బాధపడ్డవాళ్లున్నారు. ఆ బాధ న్యాయమైనదే, కానీ కుదించుకోవడం ఆ సంప్రదాయంలో ముందే ఉంది. మరుసటి ఏడాది హరిద్వార్‌లో అందుకు భిన్నంగా జరిగింది. 2021 ఏప్రిల్ 12న, 14న లక్షల జనం గంగలో మునిగారు. ఆ వారంలోనే ఒక అఖాడా మహామండలేశ్వరుడు కరోనాతో కన్నుమూశారు. 17న ప్రధానమంత్రి ఇక కుంభమేళాను లాంఛనప్రాయంగా జరుపుకొమ్మని కోరారు. మునిగినవాళ్ల భక్తి మీద నాకు అనుమానం లేదు. వాళ్లు తిరిగి వెళ్లిన ఊళ్లలో ఉన్నవాళ్లు ఏ స్నానమూ చేయలేదన్నదే నన్ను బాధపెడుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది తనను తాను ఆపుకోవడం గురించి. ఆ రోజుల్లో ఇంకోరకం ఆపడం కూడా చూశాం. 2020 మార్చి చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఊళ్లవాళ్లు దారికడ్డంగా ముళ్లకంప వేశారు, బండ్లు అడ్డం పెట్టారు. పట్నంలో కూలి పోయి నడుచుకుంటూ వచ్చిన సొంత ఊరి బిడ్డలనే పొలిమేరలో నిలబెట్టారు. ఢిల్లీలో ఒక మతసభకు పోయివచ్చినవాళ్లకు జబ్బు తేలితే ఆ మతం మొత్తాన్నే జబ్బు పేరుతో పిలిచినవాళ్లున్నారు. ముస్లిం ఇళ్లు ఇంతగా కలిసి ఉన్న నంద్యాలలో, కర్నూలులో అది చేసిన గాయం చిన్నది కాదు. 2021 మేలో కర్నూలు దాటగానే వచ్చే పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆంధ్ర నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు పోతున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. హైకోర్టు జోక్యం చేసుకుంటే గాని దారి ఇవ్వలేదు. వేపమండా ఆపుతుంది, ముళ్లకంపా ఆపుతుంది. మండను జబ్బున్న ఇల్లు ఎదుటివాడి మేలుకోరి కట్టుకుంటుంది. కంపను జబ్బు లేదనుకునేవాడు ఎదుటివాడి మీదికి విసురుతాడు. పైగా అంటు అనే మాటకు మన దేశంలో ఉన్న చరిత్ర మరువకూడనిది. కొన్ని కులాలను తరతరాలు గుడి బయట నిలబెట్టిందీ ఆ మాటే. దూరం పాటించమన్న ప్రతి మతపరమైన వాదనా ఆ చరిత్ర ముందు జవాబు చెప్పుకోవాలి. నా జవాబు ఇది: ఇష్టంతో యాత్రకు పోయేవాడు ఆగాలి, ఊపిరి కోసం పోయేవాణ్ణి ఎవరూ ఆపకూడదు. ఆ దూరం రోగం ఉన్నన్నాళ్లే ఉండాలి, పుట్టుకను చూడకూడదు, ముందు మనకు మనమే పెట్టుకోవాలి. ఈ మూడింట్లో ఏది లోపించినా అది కంపే, దానికి ఎన్ని మంత్రాలు చదివినా సరే.

రాసిపెట్టి ఉంటే జరగక మానదు, జాగ్రత్తలెందుకు అన్నవాళ్లకు ఈ నేలమీద ప్రత్యేకమైన ఆధారం ఉంది. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కూర్చుని వీరబ్రహ్మం కాలజ్ఞానం రాశాడని నమ్మే ప్రాంతమిది. 2020లో కోరంకి అనే జబ్బు గురించిన పద్యమొకటి ఆయన పేరుతో ఫోన్లన్నిటిలో తిరిగింది. అది పాత ప్రతుల్లో ఉందా లేదా అన్న తగువు పక్కన పెడదాం. ఉందనే అనుకున్నా, వాన వస్తుందని ముందే చెప్పినవాడు తడవమని చెప్పినట్టా, కప్పు నేసుకోమని చెప్పినట్టా? ముందుగా తెలియడానికి అర్థమంటూ ఉంటే అది సిద్ధపడటమే. ఇస్లాం సంప్రదాయంలోనూ ఈ చిక్కు వచ్చింది. సిరియాలో ప్లేగు పడిందని విని ఖలీఫా ఉమర్ దారిలోనే వెనుదిరిగాడు. విధి నుంచి పారిపోతున్నావా అని అడిగితే, దేవుడి ఒక విధి నుంచి దేవుడిదే ఇంకో విధికి పోతున్నానన్న అర్థంలో జవాబిచ్చాడట. తెగులున్న నేలకు పోవద్దు, ఉన్న నేల విడిచి రావద్దన్న ప్రవక్త బోధ ఆయన నిర్ణయానికి తోడైంది. 2020లో హజ్‌కు ఇతర దేశాలవాళ్లను రానివ్వనప్పుడు ఆ యాత్ర కోసం జన్మంతా కూడబెట్టుకున్నవాళ్లు మన జిల్లాలోనూ ఆగిపోయారు. వాళ్ల దుఃఖమూ, అహోబిలం పోలేకపోయినవాడి దుఃఖమూ ఒకటే.

మద్యం దుకాణాలు 2020 మే 4న తెరిచి గుళ్లు జూన్ దాకా మూయడమేమిటన్న కోపం సబబైనదే. ప్రభుత్వం దేన్ని అత్యవసరం అనుకుందో అందులో బయటపడింది. 1897లో ప్లేగు పేరు చెప్పి పూణెలో సోల్జర్లు ఇళ్లలోకి జొరబడిన రోజుల నుంచి మన జనానికి ఇట్లాంటి ఆంక్షల మీద అపనమ్మకం ఉంది. అంటువ్యాధుల చట్టం ఆ ఏడాదిదే, 2020లో వాడిందీ దాన్నే. అయితే సర్కారు తప్పు చేసిందన్నది సర్కారును నిలదీయడానికి కారణమవుతుంది గాని, డోలీ మోసేవాడి ముఖాన దగ్గడానికి కారణం కాదు. ఆజ్ఞ లేకపోయినా ఆగవలసినదే. నా వాదన ప్రభుత్వ ఉత్తర్వు మీద ఆధారపడి లేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే ఆక్షేపణ కడుపుకు సంబంధించినది. యాత్రికుడు ఆగితే కొబ్బరికాయల దుకాణం ఆగుతుంది, ఆటో ఆగుతుంది, డోలీ ఆగుతుంది, పూలమ్మే ఆమె బుట్ట ఇంట్లోనే ఉంటుంది. ఎవరి ఊపిరి కోసం ఆగానంటున్నామో వాళ్లనే పస్తు పెట్టామన్నమాట. రాష్ట్ర ప్రభుత్వం 2020 మేలో అర్చకులకు, ఇమాంలకు, మౌజన్లకు, పాస్టర్లకు ఒక్కొక్కరికి 5,000 రూపాయలు ఇచ్చింది. మంచి పనే, కానీ కొండదారి మీద బతికేవాళ్లు ఆ జాబితాలో లేరు. ఆగినవాడి ధర్మం ఆగడంతో తీరదు. సారె తీసుకుపోలేని పుట్టింటివాళ్లు దాన్ని ఎవరి చేతనైనా పంపిస్తారు. యాత్రకని పక్కన పెట్టుకున్న డబ్బు మొక్కులో భాగం. బస్సు ఛార్జీ, డోలీ కూలి, సత్రానికి ఇవ్వాలనుకున్నది, హుండీలో వేయాలనుకున్నది, అన్నీ. ఒంటిని ఆపుకుని ఆ డబ్బును కూడా ఆపుకున్నవాడు సగం యాత్రే మానుకున్నాడు, మిగతా సగం ఎగ్గొట్టాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చునే హుండీకి డబ్బు పంపవచ్చు. డోలీ మోసేవాడికి పంపే దారి మాత్రం ఎవరూ వేయలేదు. దేవస్థానాలు, మఠాలు, సత్రాలు నడిపే సంఘాలు తమ క్షేత్రం మీద బతికేవాళ్ల పేర్లు రాసి ఉంచుకోవాలి. మళ్లీ ఇట్లాంటి రోజులొస్తే రాలేని భక్తుడు పంపిన మొత్తంలో ఇంత వాటా వాళ్లకని ముందే తేల్చిపెట్టాలి. అన్నదానానికి చందా ఇచ్చే అలవాటున్న జనం ఇది ఇవ్వరనుకోను.

గుడిలో పూజ మాత్రం ఆగలేదు. భక్తులు లేని గర్భగుడిలో అర్చకుడొక్కడే అభిషేకం చేసి, నైవేద్యం పెట్టి, హారతి ఇచ్చాడు. 2020 సెప్టెంబరులో తిరుమల బ్రహ్మోత్సవాలు ఏకాంతంగానే జరిగాయి. ఆగమాలు ఆలయపూజను పరార్థమంటాయి, ఎదురుగా నిలబడ్డవాడి కోసమే కాదు, రానివాళ్ల కోసం, రాలేనివాళ్ల కోసం కూడా లోకమందరి తరఫున చేసేది. ఇక అహోబిలంలో ఇంకో మాట ఉంది. ఏటా కనుమనాడు జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీలో కొండ దిగుతారు. దాదాపు నలభై రోజులు, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. పారువేట అంటాం. ఫాల్గుణంలో తన బ్రహ్మోత్సవానికి రమ్మని జనాన్ని పిలవడానికి స్వామే ఇల్లిల్లూ తిరుగుతాడని ఈ ఊళ్ల నమ్మకం. గుడికి పోలేని ముసలివాళ్లు, మంచం దిగలేనివాళ్లు తమ వాకిట్లోనే ఆయన్ను చూస్తారు. మనిషే దేవుడి దగ్గరకు పోవాలన్న నియమం ఇక్కడ సగమే నిజం. కానీ ఈ పారువేట మీదే చివరి ప్రశ్న ఉంది, దాన్ని దాటేయలేను. నలభై రోజులు ఊరూరా తిరిగే పల్లకీ, దాన్ని మోసే బోయీలు, ఊరూరా మూగే జనం: జబ్బుకు ఇంతకంటే మంచి దారి దొరకదు. మహమ్మారి ముదిరి ఉన్నప్పుడు కనుమ వస్తే ఏం చేయాలి? బోయీలు కొద్దిమందే ఉండాలి, పల్లకీ ఏ ఊళ్లోనూ రాత్రి ఆగకూడదు, జనం మూగకూడదు. అప్పుడు ఏ ఊరు ఏం కోల్పోతుందో నాకు తెలుసు. ఆ రాత్రి కోసం కూతుళ్లు, అల్లుళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అయినా పిలవడానికి వచ్చినవాడు గుమ్మానికి వేపమండ కనబడితే లోపలికి రాడు, బయటినుంచే పలకరించి పోతాడు. ఇంటివాళ్లు గడప లోపలే నిలబడి కొబ్బరికాయ కొడతారు. పల్లకీ వీధి చివర మలుపు తిరిగేదాకా చూస్తారు.